ముగ్గురు విలియంలలో మీ విలియం ఎవరు?

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకి వీలుగా ఉంటుంది. మీవారిది ఇంగ్లండులోని నార్ఫోక్ కౌంటీ కుటుంబం. వాళ్ళ పూర్వీకుడు విలియం 1851 జనగణనలో వ్యవసాయ కూలీ, వయసు 61, పుట్టిన ఊరు ఐల్షమ్. అంతవరకు బాగానే వచ్చారు. ఆ వెనక అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న ముగ్గురు పిల్లల బాప్తిస్మాలు 1787, 1789, 1791లలో ఐల్షమ్‌లోనూ పక్క ఊళ్ళలోనూ దొరికాయి. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం మొదటి విలియంని పట్టుకుని ఏకంగా 1600ల దాకా వెళ్ళిపోయింది. దాన్ని నమ్మొచ్చా? కూలిపని చేసుకునేవాళ్ళు వీలునామాలు రాసేవాళ్ళా? బందరులో సైనికుడిగా ఉండి చనిపోయాడని ఇంట్లో చెప్పుకునే, విలియం వాళ్ళ అన్నయ్య సంగతి ఎక్కడ తెలుస్తుంది? ఇవీ మీరడిగినవి.

ఆ వంశవృక్షాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి. అది తప్పని నేననడం లేదు. ముగ్గురిలో ఆ ఒక్కణ్ణే ఎందుకు తీసుకున్నారో మీరు పంపిన దాంట్లో ఎక్కడా లేదు. ఇంగ్లండు రికార్డుల్లో పేరు దొరకడం పెద్ద కష్టం కాదండీ. దొరికిన పేరు మన మనిషిదేనని తేల్చడంలోనే ఉంది పనంతా. అందులో ఎక్కువ భాగం కానివాళ్ళని ఒక్కొక్కరిగా ఏరి పారేయడమే.

కాబట్టి మొదట చూడాల్సింది బాప్తిస్మాలు కాదు, సమాధి రిజిస్టరు. ఆ రోజుల్లో పసిపిల్లలు చాలామంది పోయేవాళ్ళు. మూడు ఊళ్ళలోనూ 1787 నుంచి ఒక పదిహేనేళ్ళ సమాధులు వరసగా చదవండి. "ఫలానావారి కొడుకు విలియం, పసివాడు" అని ఒక్క ఎంట్రీ కనిపిస్తే ఒక విలియం తప్పుకున్నట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది. ఒకే తల్లిదండ్రులకి కొన్నేళ్ళ తేడాతో ఇద్దరు విలియంలు కనిపిస్తే సాధారణంగా మొదటివాడు పోయాడని అర్థం, ఆ పేరే మళ్ళీ పెట్టుకునేవాళ్ళు. చాలా వంశవృక్షాలు రెండేళ్ళ వయసులో సమాధి అయిన పిల్లాడికి పెళ్ళి చేసి, ఎనిమిదిమంది పిల్లల్ని కూడా ఇచ్చేస్తాయి.

మిగిలినవాళ్ళ ఎంట్రీలు ఇండెక్స్‌లో కాకుండా అసలు పేజీ ఫొటోలో చూడండి. నార్ఫోక్ రిజిస్టర్ల ఫొటోలు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఇండెక్స్ చేసినవాళ్ళు పిల్లాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ ఎక్కించి మిగతాది వదిలేస్తారు. మనకి కావలసింది ఆ మిగతాదే. 1780ల నుంచి 1812 వరకు నార్ఫోక్, సఫోక్ రిజిస్టర్లలో చాలాచోట్ల తల్లి పుట్టింటి పేరు కూడా రాశారు. ఇంగ్లండులో చాలా కౌంటీలవాళ్ళకి ఈ అదృష్టం లేదు. ఇద్దరు విలియంల తల్లులూ మేరీలే అయినా, ఒకామె పుట్టింటి పేరు ఒకటి, రెండో ఆమెది ఇంకొకటి అయితే ఇద్దరినీ ఇట్టే విడదీయొచ్చు.

మీ విలియం పుట్టిన కాలానికి ఇంకో చిక్కు ఉంది. 1783 నుంచి 1794 వరకు ప్రతి బాప్తిస్మం, పెళ్ళి, సమాధి ఎంట్రీకి మూడు పెన్నీల పన్ను ఉండేది. బీదవాళ్ళకి మినహాయింపు. ఎంట్రీ పక్కన "పి" అనే అక్షరమో "పాపర్" అనే మాటో కనిపిస్తే అది ఈ పన్ను గొడవే. పన్ను ఎత్తేశాక ముగ్గురు నలుగురు పిల్లలకి ఒకేసారి బాప్తిస్మం ఇప్పించిన ఇళ్ళూ ఉన్నాయి. అందుకని 1790లో పుట్టినవాడి కోసం 1795 పేజీలు కూడా తిరగేయండి. బాప్తిస్మం తేదీ పుట్టిన తేదీ కాదు. మన ఇళ్ళలో బారసాల తేదీ మాత్రమే రాసిపెట్టి ఉంటే ఎలా ఉంటుందో అలాగే. కాకపోతే బారసాల ఇన్ని రోజుల్లో అని మనకో లెక్క ఉంటుంది, వీళ్ళకి ఆ కాలం వచ్చేసరికి గట్టి లెక్కేమీ లేదు.

వయసు లెక్క కూడా ఒకసారి సరిచూసుకోండి. 1851 జనగణన మార్చి 30న జరిగింది. ఆ రోజుకి నిజంగానే 61 నిండి ఉంటే, పుట్టింది 1789 మార్చి చివరికీ 1790 మార్చి చివరికీ మధ్య. అయితే చదువు రాని కూలీకి తన వయసు కచ్చితంగా తెలిసి ఉండాలని లేదు, రెండు మూడేళ్ళు అటూ ఇటూ పోనివ్వండి. 1841 జనగణనని మాత్రం వయసుకి ఆధారంగా తీసుకోవద్దు. అందులో పదిహేను దాటినవాళ్ళ వయసుని అయిదుకి తగ్గించి రాశారు. 54 ఉన్నవాడు అక్కడ 50గా కనిపిస్తాడు.

1837 జులై 1న ఇంగ్లండులో ప్రభుత్వం జనన, మరణ, వివాహ నమోదు మొదలుపెట్టింది. ఆ తేదీ నుంచి పెళ్ళి సర్టిఫికెట్లో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. అంతకుముందు చర్చి పెళ్ళి ఎంట్రీలో తండ్రి పేరు ఉండదు. మీలాంటి వాళ్ళందరూ ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. విలియం పెళ్ళి 1810ల్లో అయి ఉంటుంది కాబట్టి అందులో తండ్రి పేరు దొరకదు. మరణ సర్టిఫికెట్లో కూడా తల్లిదండ్రుల పేర్లు రాయరు. కానీ మీరు పంపిన వివరాల్లో 1841లో భార్య పేరు ఆన్, 1851లో హానా. ఆన్ పోయాక విలియం రెండో పెళ్ళి చేసుకుని ఉంటే ఆ సర్టిఫికెట్లో విలియం తండ్రి పేరు ఉండి తీరాలి. మొదట తెప్పించాల్సిన కాగితం అదే. తండ్రి జాన్ అని తేలితే, థామస్ కొడుకైన విలియం అక్కడితో సెలవు తీసుకుంటాడు.

మొదటి పెళ్ళి ఎంట్రీ కూడా వదలొద్దు. 1754 మార్చి 25 నుంచి అమల్లోకి వచ్చిన హార్డ్‌విక్ వివాహ చట్టం ప్రకారం వధూవరులు, ఇద్దరు సాక్షులు రిజిస్టర్లో సంతకం పెట్టాలి, రానివాళ్ళు గుర్తు పెట్టాలి. రెండు పెళ్ళిళ్ళకీ మధ్య ముప్ఫై ఏళ్ళు ఉన్నా సంతకం పోలిక తెలుస్తుంది. ఒకచోట చక్కగా సంతకం చేసినవాడు ఇంకోచోట గుర్తు పెడితే ఆగి ఆలోచించాలి, ముసలితనమో జబ్బో కూడా కారణం కావచ్చు. సాక్షుల పేర్లు రాసిపెట్టుకోండి. అదే పేరు ఊళ్ళో ప్రతి పెళ్ళిలోనూ కనిపిస్తే ఆయన చర్చి గుమాస్తా. ఒక్క పెళ్ళిలోనే కనిపిస్తే బావమరిదో, చెల్లెలో అయ్యే అవకాశం ఉంది.

విలియం పిల్లల బాప్తిస్మాలు కూడా చూడండి. 1813 జనవరి 1 నుంచి దేశమంతటా ఒకే రకం అచ్చు ఫారాలు వచ్చాయి. బాప్తిస్మంలో తండ్రి వృత్తి, నివాసం తప్పనిసరి అయ్యాయి. సమాధిలో వయసు, నివాసం చేరాయి. అంటే విలియం తల్లిదండ్రులు 1813 తర్వాత పోయి ఉంటే వాళ్ళ వయసు కూడా దొరుకుతుంది.

ఇక మీరు ఇంకా వెనక్కి వెళ్ళేటప్పుడు ఏమవుతుందో చెప్పడానికి అందరికీ తెలిసిన కుటుంబాన్ని తీసుకుంటాను. షేక్‌స్పియర్ రికార్డుల్లో ఈ విద్యలో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఉన్నాయి, పైగా అందరూ చూడగలిగేవి. ఇంగ్లండులో పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) రిజిస్టర్లు రాయమని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చింది 1538లో. మొదట్లో చాలాచోట్ల కాగితం మీద రాశారు. ఎలిజబెత్ రాణి కాలం చివర్లో వాటిని తోలు పత్రాల పుస్తకాల్లోకి ఎత్తి రాయమన్నారు, కనీసం ఆవిడ గద్దెనెక్కిన 1558 నుంచి అయినా ఎత్తమన్నారు. చాలామంది ఆ "కనీసం" దగ్గరే ఆగిపోయారు. షేక్‌స్పియర్ సొంత ఊరు స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరు కూడా 1558తోనే మొదలవుతుంది. అందులో 1564 ఏప్రిల్ 26న "జాన్ కొడుకు గులియెల్ముస్" అని, అంటే విలియం అని, లాటిన్‌లో ఉన్న షేక్‌స్పియర్ బాప్తిస్మం, తర్వాత ఎత్తి రాసిన ప్రతిలోనిదే. ఏప్రిల్ 23 పుట్టినరోజు అని లోకమంతా పండగ చేసుకుంటుంది గానీ రిజిస్టర్లో ఆ తేదీ లేదు.

ఆయన కవలలు హామ్నెట్, జూడిత్‌ల బాప్తిస్మం రిజిస్టర్లో 1584 ఫిబ్రవరి 2 అని ఉంటుంది. పుస్తకాల్లో మాత్రం 1585. రెండూ సరైనవే. 1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, జనవరి, ఫిబ్రవరి పాత సంవత్సరంలోకే వచ్చేవి. అందుకే తెలిసినవాళ్ళు 1584/85 అని రెండూ రాస్తారు. ఇది పట్టించుకోకపోతే మే నెలలో పెళ్ళయినవాళ్ళకి అదే ఏడాది ఫిబ్రవరిలో, అంటే పెళ్ళికి ముందే, బిడ్డ పుట్టినట్టు కనిపిస్తుంది. పాపం, ఎంతమంది పెద్దమనుషుల మీద ఈ నింద పడిందో! నిజానికి ఆ ఫిబ్రవరి పెళ్ళి తర్వాత వచ్చింది.

ఆయన పెళ్ళి ఎంట్రీ ఏ పారిష్ రిజిస్టర్లోనూ దొరకలేదు. దొరికింది వూస్టర్ బిషప్ కార్యాలయంలో, అనుమతి పత్రాల్లో. 1582 నవంబర్ 27న లైసెన్సు పద్దులో వధువు పేరు ఆన్ వాట్లీ, ఊరు టెంపుల్ గ్రాఫ్టన్. మర్నాటి పూచీకత్తు పత్రంలో ఆన్ హాత్‌వే, ఊరు స్ట్రాట్‌ఫర్డ్. వరుడి పేరు ఒకచోట షాక్స్‌పియర్ అని, ఇంకోచోట షాగ్స్‌పియర్ అని చదవాల్సినట్టుంది. రెండో అమ్మాయి ఉందని కథలల్లినవాళ్ళున్నారు. గుమాస్తా పొరపాటు అన్నదే ఎక్కువమంది మాట. మీకు పనికొచ్చేవి రెండు: పెళ్ళి ఎంట్రీ లేకపోతే లైసెన్సు బాండ్లు, అఫిడవిట్లు వెతకండి. ఇంటిపేరు స్పెల్లింగుని మాత్రం పట్టుకుని వేలాడకండి. పేరు చెప్పేవాడికి రాయడం రాదు, రాసేవాడికి చెవిన పడ్డదే పేరు.

రిజిస్టరు పోయినా, ఎలుకలు కొట్టేసినా ఇంకో దారి ఉంది. 1598 నుంచి ప్రతి పారిష్ ఏటేటా ఆ సంవత్సరం ఎంట్రీల నకలు బిషప్‌కి పంపాలి. నార్ఫోక్‌లో ఆర్చ్‌డీకన్‌కి, అంటే బిషప్ కింది అధికారికి, పంపిన నకళ్ళు కూడా చాలా మిగిలాయి. రిజిస్టరు ఉన్నా సరే, నకలు కూడా చూడండి. రిజిస్టర్లో లేని ఎంట్రీ నకలులో ఉండటం, నకలులో పేరు వేరుగా ఉండటం అరుదేమీ కాదు. 1642 నుంచి 1660 వరకు అంతర్యుద్ధం, ఆ తర్వాతి గందరగోళం కాబట్టి చాలా ఊళ్ళలో రెండూ ఉండవు. ఆ ఖాళీని దాటించేది వీలునామాయే.

కూలీవాళ్ళు వీలునామాలు రాసేవాళ్ళా అన్నారు. చాలా తక్కువ. కానీ వీలునామా విలియం రాయక్కర్లేదు. విలియం తల్లికి పెళ్ళికాని అక్క ఉండొచ్చు, తండ్రి అన్న ఊళ్ళో కమ్మరి కావచ్చు, తాతకి పదెకరాల పొలం ఉండొచ్చు. పిల్లలున్నవాడు అంతా పిల్లలకి రాసి ఊరుకుంటాడు. పిల్లల్లేని మేనత్త అయితే "మా తమ్ముడి కొడుకు విలియంకి అయిదు పౌన్లు, ఫలానా ఊళ్ళో ఫలానావాణ్ణి చేసుకున్న మా చెల్లెలు మేరీకి నా రాగి బిందె" అని బంధువర్గం అంతటినీ ఏకరువు పెడుతుంది. ఆడపిల్లల అత్తింటి పేర్లు ఇంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకవు. కాబట్టి ఆ ఇంటిపేరుతోనూ, విలియం తల్లి పుట్టింటి పేరుతోనూ ఆ ప్రాంతంలో 1780 నుంచి 1857 వరకు ఉన్న వీలునామాలన్నీ జాబితా రాసుకుని వరసగా చదవండి. భర్త బతికున్న స్త్రీ వీలునామా కోసం మాత్రం టైమ్ వేస్ట్ చేసుకోకండి. 1882 చట్టం వచ్చేదాకా భర్త ఒప్పుకోకుండా ఆమెకి ఆ హక్కు లేదు. రాసినవాళ్ళలో స్త్రీలు ఎక్కువగా వితంతువులు, పెళ్ళికానివాళ్ళే.

ఎక్కడ వెతకాలి? 1858 జనవరి 12కి ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో ప్రొబేట్ అయ్యేవి, అంటే చెల్లుతాయని ఆమోదం పొందేవి. చిన్న ఆస్తి ఒక్క ప్రాంతంలోనే ఉంటే ఆర్చ్‌డీకన్ కోర్టు, అంతకు మించితే బిషప్ కోర్టు, రెండు మూడు డయోసిస్‌లలో (బిషప్‌ల పరిధుల్లో) ఆస్తి ఉన్నా విదేశంలో చనిపోయినా కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ కోర్టు. మీ వాళ్ళకైతే నార్విచ్ ఆర్చ్‌డీకన్, నార్ఫోక్ ఆర్చ్‌డీకన్, నార్విచ్ బిషప్ కోర్టు మూడూ చూడాలి. ఇవన్నీ నార్విచ్‌లోని నార్ఫోక్ రికార్డ్ ఆఫీసులో ఉన్నాయి, కేటలాగులో పేరుతో వెతకొచ్చు. కాంటర్‌బరీ కోర్టువి 1384 నుంచి 1858 దాకా లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1858 తర్వాతవి దేశం మొత్తానికి ఒకే క్యాలెండర్, అంటే పేర్ల జాబితా, అది తేలిక. ఇంకో దొడ్డిదారి కూడా ఉంది. 1796 నుంచి వారసత్వ పన్ను రిజిస్టర్లు క్యూలో ఉన్నాయి. వీలునామా ఏ కోర్టులో ప్రొబేట్ అయిందో వాటి ఇండెక్స్ చెప్పేస్తుంది, వారసుడు చనిపోయినాయనకి ఏమవుతాడో కూడా రిజిస్టర్లో రాస్తారు. 1942 బాంబు దాడిలో ఎక్సెటర్‌లో ఉన్న డెవన్ వీలునామాలు కాలిపోతే అక్కడివాళ్ళకి ఈ పన్ను కాగితాలే దిక్కయ్యాయి.

వీలునామా చేతికొచ్చాక దాన్ని ఈ కాలపు కళ్ళతో చదవొద్దు. మళ్ళీ షేక్‌స్పియర్ దగ్గరికే వెళ్దాం. 1616 వీలునామాలో ఆయన మనవరాలు ఎలిజబెత్ హాల్‌ని "నీస్" అని రాశారు. ఇప్పటి అర్థంలో చదివితే ఆవిడ మేనకోడలైపోతుంది, వంశవృక్షం ఒక తరం పక్కకి జరిగిపోతుంది. "కజిన్" ఎవరైనా కావచ్చు. "సన్ ఇన్ లా" అల్లుడూ కావచ్చు, భార్య మొదటి భర్త కొడుకూ కావచ్చు. భార్య ఆన్‌కి "రెండో మేలిరకం మంచం" ఇచ్చిన వాక్యం రెండు వరసల మధ్య ఇరికించి ఉంటుంది. ఇలాంటివి అసలు పత్రంలోనే కనిపిస్తాయి, కోర్టు పుస్తకంలోకి శుభ్రంగా ఎత్తి రాసిన ప్రతిలో కనిపించవు. అసలు పత్రం ఉంటే అదే అడగండి. పెద్దకొడుకు పేరు లేదనో, ఒక్క షిల్లింగు ఇచ్చారనో తండ్రీకొడుకులకి పడలేదని తేల్చేయకండి. చాలాసార్లు అతని వాటా పెళ్ళప్పుడే ఇచ్చేసి ఉంటారు, లేదా పొలం మేనర్ కోర్టు (భూస్వామి ఎస్టేటు కోర్టు) ఆచారం ప్రకారం దానంతటదే అతనికి వెళ్తుంది.

ఇంత చేసినా ఇద్దరు విలియంలు మిగిలితే బీదల ఖాతాలు చూడండి. వ్యవసాయ కూలీల విషయంలో వీలునామా కన్నా ఇవే ఎక్కువ ఫలితం ఇస్తాయి, వీటి జోలికి ఎవరూ పోరెందుకో. 1662 చట్టం ప్రకారం ప్రతి మనిషికీ ఒక "సొంత పారిష్" ఉండాలి, కష్టం వస్తే ఆ పారిషే తిండి పెట్టాలి. వేరే ఊరివాడు సాయం అడిగితే ఇద్దరు మేజిస్ట్రేట్లు కూర్చోబెట్టి ప్రమాణం చేయించి అడిగేవాళ్ళు: ఎక్కడ పుట్టావు, మీ నాన్నది ఏ పారిష్, ఎవరి దగ్గర ఏడాది పాలేరుతనం చేశావు, ఎంతమంది పిల్లలు. జవాబులన్నీ రాసేవాళ్ళు. మీ విలియం ఐల్షమ్‌లో పుట్టి ఇంకో ఊళ్ళో స్థిరపడ్డాడన్నారు కాబట్టి ఆ రెండో ఊరి పరీక్షా వాంగ్మూలాలు, తిప్పి పంపిన ఆర్డర్లు నార్ఫోక్ రికార్డ్ ఆఫీసులో అడగండి. ఉంటే కూలీ నోటి మాటలోనే అతని జీవితం అరపేజీ దొరుకుతుంది.

బందరులో పోయిన అన్న విషయం. అతను ఈస్టిండియా కంపెనీ సైనికుడా, రాజుగారి పటాలం సైనికుడా అన్నది ముందు తేలాలి. 1800ల మొదట్లో బందరు కోటలో మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్ ఉండేది, 1809లో అక్కడి ఆఫీసర్లు మద్రాసు ప్రభుత్వం మీద తిరగబడ్డారు కూడా. అది కంపెనీ రెజిమెంట్. అందులోవాడైతే మస్టర్ రోల్స్, అంటే సైనికుల హాజరు పట్టీలు, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల నకళ్ళు అక్కడే "ఎన్/2" అనే వరసలో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. అలా పోయినవాళ్ళ వీలునామాలు, ఆస్తి జాబితాలు కూడా ఆ రికార్డుల్లో ఉన్నాయి. అన్న వీలునామా రాసి తమ్ముడు విలియం పేరు చెప్పి ఉంటే మీ ప్రశ్న బందరు నుంచే తేలిపోవచ్చు. రాజుగారి పటాలం అయితే కాగితాలు క్యూలో, యుద్ధ శాఖ రికార్డుల్లో.

ముందుగా రెండో పెళ్ళి సర్టిఫికెట్ తెప్పించుకోండి, ఈలోగా మూడు ఊళ్ళ సమాధి రిజిస్టర్లు చదవండి. మూడు బాప్తిస్మాల పేజీల ఫొటోలు ఇక్కడ పెడితే తల్లి పుట్టింటి పేరు చదవడంలో నేను సాయం చేస్తాను. ఎంట్రీ మటుకే కత్తిరించకుండా పేజీ మొత్తం పెట్టండి, ఆ పాదిరిగారి చేతిరాతలో "ఎస్" ఎలా ఉంటుందో పక్క ఎంట్రీలు చూస్తేనే తెలుస్తుంది.